ఇప్పుడు మీ దిండు పక్కన ఉన్న చారిత్రక నవల ఏది?

పాతపుస్తకం (విజయవాడ) · శుక్రవారం రాత్రి 9:50

పది రోజులుగా అడవి బాపిరాజు గారి కాకతీయుల కాలం నవల ‘గోన గన్నారెడ్డి’ చదువుతున్నాను. ఇది రెండోసారి. మొదటిసారి ఇంటర్మీడియెట్ సెలవుల్లో చదివాను, ముప్పై ఏళ్ళ పైమాటే. నాన్న పోయాక ఆయన ట్రంకుపెట్టె సర్దుతుంటే పంచెల అడుగున దొరికింది. అట్ట లేదు. చివరి నాలుగు ఆకులు చెదలు కొట్టేశాయి. లోపల అక్కడక్కడా ఆయన పెన్సిలు గీతలున్నాయి. ఒకచోట పేజీ అంచున ‘వర్ధమానపురం ఎక్కడ?’ అని రాసుకున్నారు. కింద జాగా వదిలారు కానీ జవాబు రాయలేదు.

కుర్రతనంలో గుర్రపు డెక్కల చప్పుడు కోసమే పేజీలు తిప్పేశాను. ఇప్పుడు అడుగడుక్కీ ఆగుతున్నాను. బాపిరాజు గారు బందరు జాతీయ కళాశాలలో ప్రమోదకుమార్ ఛటర్జీ దగ్గర బొమ్మలు నేర్చుకున్న మనిషి. ఎవరైనా లోపలికి వస్తున్నారంటే ముందు ఆ కట్టూ బొట్టూ, ఆ నగలూ కళ్ళకు కట్టిస్తారు. కథ నడవట్లేదని అప్పట్లో విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు ఆ నిదానమే నాకు హాయిగా ఉంది.

మీరేం చదువుతున్నారు? సమీక్షలు రాయక్కర్లేదు. ఏ పుస్తకం, ఎంతదాకా వచ్చారు, ఎక్కడ చదవడం ఆపి పైకప్పు చూస్తూ కూర్చున్నారు, అది చెప్పండి చాలు. ఆ వర్ధమానపురం సంగతి ఎరిగినవాళ్ళుంటే అదీ చెప్పండి.


చేనుగట్టు (నాగర్‌కర్నూల్) · శుక్రవారం రాత్రి 10:25

అన్నా, వర్ధమానపురం మా దగ్గరిదే. ఇప్పుడు నంది వడ్డెమాన్ అంటరు, బిజినేపల్లి దిక్కు. మా ఊరికెళ్ళి బండి మీద అరగంట గూడ పట్టది. అక్కడ శనేశ్వరుని గుడి ఉన్నది, శనివారం వచ్చిందంటే జనం కుప్పలు కుప్పలు. గోనవాళ్ళు ఏలిన జాగా అని ఎరిగి వచ్చేటోళ్ళు మాత్రం తక్కువ.

మీ నాయిన అడిగినదానికి నేను జవాబు చెప్తున్ననంటే నాకు మస్తు ఖుషీ అయితున్నది. ఆయన వదిలిన జాగల పెన్సిలుతోనే రాసిపెట్టుండ్రి.


మొగలిరేకు (రాజమహేంద్రవరం) · శుక్రవారం రాత్రి 11:10

నాది నోరి నరసింహశాస్త్రి గారి ‘నారాయణభట్టు’. గౌతమీ గ్రంథాలయం నుంచి తెచ్చుకున్నాను, సగం దాటాను.

ఈ పుస్తకం దగ్గరికి నన్ను తీసుకొచ్చింది ‘పొన్నియిన్ సెల్వన్’ సినిమా. 2022లో మొదటి భాగం చూసొచ్చి, ఈ చోళుల గొడవంతా మనకెందుకులే అనుకుంటూనే వంశవృక్షం వెతికాను. వెతికితే అది మా ఊరి గుమ్మంలోకే వచ్చి ఆగింది! సినిమాలో కుందవై రాజరాజ చోళుడికి అక్క కదా. ఆయన తన కూతురికి అక్క పేరే పెట్టుకున్నాడు. ఆ చిన్న కుందవైని మన వేంగి విమలాదిత్యుడికిచ్చి చేశాడు. వాళ్ళ కొడుకు రాజరాజనరేంద్రుడు. అంటే నన్నయ గారి చేత భారతం రాయించిన రాజు ఆ పొన్నియిన్ సెల్వన్‌కి స్వయానా కూతురి కొడుకు. పెట్టుకున్నదీ తాత పేరే. మళ్ళీ ఈయన పెళ్ళాడింది మేనమామ రాజేంద్రచోళుడి కూతురు అమ్మంగదేవిని. మేనరికం మీద మేనరికం. వాళ్ళకి పుట్టిన కుర్రాడు 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగ చోళుడయ్యాడు.

ఇదంతా తెలిశాక నోరి వారి నవల పట్టుకుంటే చదువు తీరే మారిపోయింది. సభలో తమిళం మాట్లాడేవాళ్ళు ఎందుకున్నారో, సవతి తమ్ముడు విజయాదిత్యుడు గద్దె కోసం ఎందుకంత పట్టుబట్టాడో, నరేంద్రుడు 1022లో పట్టం కట్టుకున్నా స్థిమితంగా కూర్చోలేకపోవడం ఏమిటో, అన్నీ ఒక్క తాడుకి వచ్చాయి. ఆ ఉక్కిరిబిక్కిరిలో కూర్చుని ఒక మనిషి భారతం తెలుగు చెయ్యడం మొదలుపెట్టాడు. తనకి నారాయణభట్టు తోడు నిలిచాడని, భారతయుద్ధంలో అర్జునుడికి కృష్ణుడిలా నిలిచాడని నన్నయ గారే అవతారికలో చెప్పుకున్నారు. ఆ ఒక్క పద్యంలోంచి నోరి వారు ఇంత నవల అల్లారు. సాయంత్రం పుష్కర్ ఘాట్ దగ్గర కూర్చుని చదువుతున్నాను. నీళ్ళకేసి చూస్తే పేజీ ముందుకి కదలదు.


తాటాకు (వేటపాలెం) · శనివారం ఉదయం 6:15

మొగలిరేకు గారూ, మంచి పుస్తకం పట్టారు. నోరి వారు రేపల్లెలో వకీలు. సాక్ష్యం లేకుండా మాట పడనిచ్చేవారు కాదు, అది నవలలోనూ కనిపిస్తుంది. ఒక కవిని మధ్యలో నిలబెట్టి చుట్టూ ఆ కాలాన్ని కట్టడం ఆయన పద్ధతి. ఇదయ్యాక శ్రీనాథుడి మీద రాసిన ‘కవిసార్వభౌముడు’ చదవండి.

నేను ఆయనదే ‘రుద్రమదేవి’ తిరగేస్తున్నాను, పాతపుస్తకం గారి బాపిరాజుకి జంటగా. రిటైరయ్యాక రోజూ పొద్దున్నే సారస్వత నికేతనం గ్రంథాలయం మెట్లెక్కడం అలవాటు. ఒకే కాలం, ఒకే రాణి. బాపిరాజు గారి రాణి పాట పాడినట్టుంటుంది, నోరి వారి రాణి తీర్పు చెప్పినట్టుంటుంది. నాకు ఇద్దరూ కావాలి.

అయితే ఒక సంగతి మనసులో మెదులుతోంది. నల్లగొండ జిల్లా చందుపట్లలో పువ్వుల ముమ్మడి వేయించిన శాసనం ఉంది. 1289 నవంబరు నాటిది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందారని అందులో ఉంటుంది. తిరగబడ్డ కాయస్థ నాయకుడు అంబదేవుడి మీదికి యుద్ధానికి వెళ్ళి అక్కడే పోయి ఉంటారని చరిత్రకారులు అంచనా వేశారు. ఈ శాసనం బయటపడే నాటికి ఈ రెండు నవలలూ వచ్చి చాలా ఏళ్ళయింది. అందుకే పాత పుస్తకాల్లో ఆమె మరో ఆరేడేళ్ళు బతికినట్టుంటుంది. 1262 ప్రాంతంలో గద్దెనెక్కిన మనిషి, కూతురి కొడుకు ప్రతాపరుద్రుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని రాజ్యం నేర్పిన అమ్మమ్మ, ఆ వయసులో యుద్ధభూమికి వెళ్ళింది. మన నవలలూ సినిమాలూ మగవేషంలో పెరిగిన పడుచు రుద్రమ దగ్గరే ఆగుతాయి. నెరిసిన జుట్టుతో గుర్రమెక్కిన రుద్రమను ఎవరైనా రాస్తే చదవాలని నా కోరిక.


సన్నజాజి (తిరుపతి) · శనివారం ఉదయం 8:40

నమస్తే అందరికీ. నేను యూనివర్సిటీ హాస్టల్లో ఉంటాను, మీ అందరికన్నా చిన్నదాన్ని. గన్నారెడ్డి అంటే మాకు 2015లో వచ్చిన సినిమాలో అల్లు అర్జునే. ఆయన మీద నవల ఉందని ఇక్కడే తెలిసింది.

నేను చదువుతున్నది తెన్నేటి సూరి గారి ‘చంఘిజ్ ఖాన్’. రూమ్మేట్ వాళ్ళ తాతగారి కాపీ. మూడు రాత్రులుగా ఒంటిగంట దాకా లైటు ఆర్పలేదు. పరాయి దేశం వాడు, ఊళ్ళకు ఊళ్ళు తగలబెట్టినవాడు అనుకుంటూ మొదలుపెట్టాను. చదువుతూ చదువుతూ పుస్తకం పక్కన పెట్టి తెమూజిన్ (చంఘిజ్ ఖాన్ అసలు పేరు) బాల్యం గురించి వెతికాను. తండ్రి యెసుగైని విషం పెట్టి చంపారు. తెగవాళ్ళంతా ఆ తల్లినీ పిల్లల్నీ స్టెప్పీ మైదానంలో వదిలేసి డేరాలు పీక్కుని వెళ్ళిపోయారు. హోయెలున్ అనే ఆ తల్లి దుంపలు తవ్వి, కాయలు ఏరి పిల్లల్ని బతికించింది. ఆ తల్లి దగ్గర ఆగిపోయాను సార్. మా నాయన పోయినప్పుడు నాకు ఏడేళ్ళు. మా అమ్మ చింతచెట్లు గుత్తకు తీసుకుని మమ్మల్ని చదివించింది. ఎక్కడి ఓనాన్ నది, ఎక్కడి మదనపల్లె!

ఒక డౌటు. పాత నవలల్లో భాష నాకు కొంచెం బరువుగా ఉంటుంది. మొదట ఏది పట్టుకోమంటారు?


పాతపుస్తకం (విజయవాడ) · శనివారం ఉదయం 9:05

అమ్మా సన్నజాజీ, నువ్వు మొదలుపెట్టింది సరైన పుస్తకమే. సూరి గారిది పరుగెత్తే తెలుగు. తరవాత ‘గోన గన్నారెడ్డి’ తీసుకో. మొదటి పాతిక పేజీలు ఓపిక పట్టు, ఆ తరవాత అదే లాక్కుపోతుంది. బరువుగా ఉన్నచోట గట్టిగా పైకి చదివి చూడు. ఆ వాక్యాలు చెవి కోసం రాసినవి. కంటికి అడ్డం పడ్డ మాట నోటికి సులువుగా దిగుతుంది.


డాలస్_నుంచి · శనివారం రాత్రి 8:20

పైకి చదవడం అన్నారు కదా, అందుకే రాస్తున్నాను. మా అమ్మది మాచర్ల. రెండేళ్ళుగా చూపు బాగా తగ్గింది, అక్షరాలు కూడదీసుకోలేకపోతోంది. ఆదివారం ఇక్కడ పొద్దున, అక్కడ రాత్రి. ఫోన్లో గంటసేపు నేను చదువుతాను, అమ్మ వింటుంది. ఇప్పుడు నడుస్తున్నది బాపిరాజు గారి ‘అడవి శాంతిశ్రీ’. నా ‘ణ’లూ ‘ళ’లూ పలచబడ్డాయని అమ్మ బాధ. ఒక్కో మాట మూడుసార్లు చెప్పిస్తుంది.

కథ జరిగే ఇక్ష్వాకుల విజయపురి అంటే నాగార్జునకొండ లోయ. అది ఇప్పుడు సాగర్ నీళ్ళ కింద ఉంది. మేమంతా లాంచీ ఎక్కి దీవి మీద మ్యూజియం చూసొచ్చిన తరం. మా తాతయ్య ఆ లోయలోకి ఎడ్లబండి మీద వెళ్ళారట, పుల్లారెడ్డిగూడెంలో చుట్టాలుండేవారట. బాపిరాజు గారు 1952లో పోయారు. ఆనకట్టకి శంకుస్థాపన 1955లో. అంటే ఈ నవల రాసిన మనిషికి ఆ లోయ కాలినడకన తిరగగలిగిన నేల. నేను చదివేటప్పుడు కృష్ణ ఒడ్డు వర్ణన రాగానే అమ్మ ‘ఆగు’ అంటుంది. ఫోన్లో కాసేపు ఏమీ వినపడదు. మళ్ళీ తనే ‘చదువు’ అంటుంది.

అమ్మకో అనుమానం వచ్చింది. రచయిత ఇంటిపేరు అడవి, నాయిక పేరు అడవి శాంతిశ్రీ. తన ఇంటిపేరు తగిలించుకున్నారా అని. నాకు జవాబు తెలియక ఊరుకున్నాను.


తాటాకు (వేటపాలెం) · ఆదివారం ఉదయం 5:50

అమ్మగారికి నా నమస్కారం చెప్పండి. ఆవిడ అనుమానం చాలా చక్కనిది. ఆ పేరు బాపిరాజు గారు కల్పించింది కాదు. నాగార్జునకొండ ప్రాకృత శాసనాల్లో అడవి చాతిసిరి అనే పేరే ఉంది. ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడి కూతురు ఆవిడ. చాంతిసిరి అని ఇంకొకావిడ, చాంతమూలుడి చెల్లెలు, అక్కడి మహాచైత్యానికి దానాలు చేసిన మేనత్త. రాజులు యజ్ఞాలు చేసుకుంటూ ఉంటే వాళ్ళ ఆడవాళ్ళు బౌద్ధానికి స్తంభాలు నిలబెట్టారు. ఆ శాసనాల్లో ఒక పేరు తన ఇంటిపేరుతో కలిసి కనిపించేసరికి బాపిరాజు గారి మనసు ఎంత పొంగి ఉంటుందో! 1926లో ఆ లోయ పరిశోధకుల కంటపడింది. పై ఏడాది నుంచే లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు. ఆ శాసనాల ముచ్చట్లు పత్రికల్లో చదివిన తరం ఆయనది.


డాలస్_నుంచి · ఆదివారం ఉదయం 11:30

మాస్టారూ, ఇప్పుడే అమ్మకి చదివి వినిపించాను. ‘చాతిసిరి’ అని నాలుగుసార్లు అనుకుంది. ‘మా పిన్ని పేరు శాంతమ్మ, ఆ పిలుపు ఎంత పాతదో చూడు’ అంది.


వైగైగట్టు (మదురై) · ఆదివారం మధ్యాహ్నం 2:15

అందరికీ దండాలు. నా తెలుగులో తప్పులుంటే మన్నించండి. మేము మదురైలో తెలుగోళ్ళం. ఇంట్లో తెలుగు మాట్లాడతాము. బళ్ళో తమిళం. చదవను రాయను తెలుగు రాదు మాకు. మా అవ్వకీ రాదు, మా అమ్మకీ రాదు. నేను పోయిన సంవత్సరం అక్షరాలు నేర్చుకున్నాను, నా కూతురి పక్కన కూర్చోని.

విశ్వనాథ సత్యనారాయణ గారి ‘ఏకవీర’ చదువుతున్నాను. మా ఊరి కథ అని ఎవరో చెప్పారు. రెండు నెలలుగా నలభై పేజీలు అయినాయి. ఒక వాక్యం పట్టుకోవాలంటే ఒక్కోసారి అరగంట. కానీ పేజీలో వైగై అని తెలుగు అక్షరాల్లో చూసినపుడు నాకు కన్నీళ్ళు వచ్చినాయి. మా ఇంటికి తిరుమల నాయకర్ మహల్ పది నిమిషాల నడక. ఆ స్తంభాల కింద చిన్నప్పుడు దాగుడుమూతలు ఆడినాము. ఆ ఇల్లు కట్టినోళ్ళు ఇంట్లో మాట్లాడుకున్నది మా అవ్వ మాట లాంటి మాటే అని అప్పుడు తెలియదు.

మీరు ముందు అన్నట్టు గట్టిగా చదువుతాను. మా అవ్వ పక్క గదిలోనించి అర్థం చెబుతుంది. ఆమెకు అక్షరం రాదు, మాట వచ్చు. నాకు అక్షరం వచ్చింది, మాట రాదు. ఇద్దరం కలిసి ఒక పేజీ.


మొగలిరేకు (రాజమహేంద్రవరం) · ఆదివారం మధ్యాహ్నం 2:50

అక్కా, మీ పోస్టు మా అత్తగారికి చదివి వినిపించాను. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు.

విశ్వనాథ వారి వాక్యం పుట్టి తెలుగులో పెరిగిన మాకే అరగంట పడుతుంది, మీరు కంగారు పడకండి. అది అయ్యాక మల్లాది వసుంధర గారి ‘తంజావూరు పతనం’ చూడండి. తంజావూరు కూడా మీకు దగ్గరే కదా.


వైగైగట్టు (మదురై) · ఆదివారం మధ్యాహ్నం 3:30

తంజావూరు పోయినాము, సరస్వతి మహల్ గ్రంథాలయం చూసినాము. అద్దం వెనకాల తెలుగు తాటాకులు. నాకు అప్పుడు అక్షరం రాదు, బొమ్మలు చూసినట్టు చూసి వచ్చేసినాను. మళ్ళీ పోవాలి.

ఆ కథ మా పక్క నుంచి ఇంకోలా వినపడుతుంది. మా మదురై చొక్కనాథ నాయకుడు తంజావూరు విజయరాఘవ నాయకుడి కూతుర్ని అడిగినాడు, ఆయన ఇవ్వను అన్నాడు. 1673లో మా వాళ్ళు కోట పట్టుకున్నారు. ముసలి రాజు అంతఃపురాన్ని మందుగుండు పెట్టి పేల్చేయమన్నాడు, ఆడవాళ్ళు పరాయి చేతికి పడకూడదని. తాను కత్తి పట్టుకుని పోయి చచ్చిపోయినాడు. రెండు పక్కలా తెలుగోళ్ళే. అది నాకు ఎప్పుడూ బాధ.


తాటాకు (వేటపాలెం) · ఆదివారం సాయంత్రం 5:10

ఆ విజయరాఘవుడి కొలువులోనే రంగాజమ్మ ‘మన్నారుదాస విలాసం’ రాసింది తల్లీ. మీరు మళ్ళీ సరస్వతి మహల్‌కి వెళ్ళినప్పుడు ఆ పేరు గుర్తుపెట్టుకోండి. కొలువులో అన్ని విద్యలు తెలిసిన ఆడవాళ్ళు ఉండేవారు. ఆ అంతఃపురమే పేలిపోయింది.

ఇంకో విషయం, దీని మీద అందరి మాటా వినాలని ఉంది. ఈమధ్యే కాకతీయుల కాలం మీద ఒక కొత్త నవల చదివాను. రచయిత పేరు చెప్పను, కష్టపడి రాసిన మనిషి. అందులో ఒక సైనికుడు జొన్నరొట్టెలో పచ్చిమిరపకాయ కొరుక్కుంటాడు. నేను అక్కడే పుస్తకం మూసేశాను. మిరప మన దేశానికి పోర్చుగీసువాళ్ళతో 16వ శతాబ్దంలో వచ్చింది. ఓరుగల్లు పడిపోయింది 1323లో. జామపండు, బొప్పాయి, వేరుశనగ, పొగాకు, ఇవన్నీ ఆ సముద్రం దాటి వచ్చినవే. ఆనాటి కారం మిరియాలది, పిప్పళ్ళది, అల్లానిది. మిరప అనే మాటే మిరియం నీడలో పుట్టింది.


చేనుగట్టు (నాగర్‌కర్నూల్) · ఆదివారం సాయంత్రం 6:00

సారూ, మీరు చెప్పింది నిజమే గనీ ఒక్క మిరపకాయకు పుస్తకం మొత్తం మూసుడు ఎక్కువైతదేమో. రాసినాయన మనిషి ఆకలి సరిగ్గ చూపించిండా లేదా, నేను అది జూస్త. అట్ల పట్టుకుంటే ఆ సైనికుడు మాట్లాడే తెలుగు గూడ ఇప్పటిదే గదా. ఖర్చు, జవాబు, సిపాయి అన్ని తరువాత వచ్చిన మాటలే. అవి తీసేస్తే మనం మాట్లాడనీకె సగం నోరు మూతపడతది.


మొగలిరేకు (రాజమహేంద్రవరం) · ఆదివారం సాయంత్రం 6:35

నా మటుకు నాకు ఇలా అనిపిస్తుంది. కథ చెప్పేది ఈనాటి మనిషి. ఆయన ‘ఖర్చు’ అంటే నాకు అభ్యంతరం లేదు, నాకు చెప్తున్నాడు కాబట్టి నా మాటల్లో చెప్తున్నాడు. పాత్ర నోట్లో పెట్టే ముద్ద మాత్రం ఆ చేలో పండాలి. మాస్టారు బాధపడింది వ్యాకరణానికి కాదు. ఆ పచ్చిమిరపతో ఓరుగల్లు పోయి మన వీధి చివరి టిఫిన్ బండి కళ్ళముందుకొచ్చింది.

నిజానికి ఆ కాలం తిండి ఎలా ఉండేదో ఊహించుకోనక్కర్లేదు. ‘క్రీడాభిరామం’ అనే పాత కావ్యంలో ఉంది కదా. మంచన శర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధులన్నీ ఒక్కరోజులో తిరుగుతారు. పూటకూళ్ళింట్లో ఒక్క రూకకి ఏమేం పెడతారో పద్యంలో చెప్పేశాడు కవి. కర్పూరభోగి బియ్యం అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. ఆ పద్యం చదివితే మిరపకాయ లేదన్న లోటు ఎక్కడా తెలియదు. అది చదివాక నవల రాసేవాళ్ళెవరైనా ఆ ఇంటి అరుగు మీద పాత్రని ఒక్క పూట కూర్చోబెట్టకుండా ఎలా ఉంటారు?


తాటాకు (వేటపాలెం) · ఆదివారం సాయంత్రం 7:00

మీ మాట ఒప్పుకుంటున్నాను. ముద్ద చేలో పండాలి, మాట నోటికి రావాలి. చేనుగట్టూ, నువ్వన్నదీ నిజమే నాయనా. ఆ పుస్తకం రేపు మళ్ళీ తెరుస్తాను.

చారిత్రక నవలలు చదివే పిల్లలందరూ పక్కన పెట్టుకోవలసిన పుస్తకం సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’. ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు, ఏ దయ్యానికి భయపడ్డారు, అన్నీ కావ్యాల్లోంచి ఏరి చూపించారు. 1955లో తెలుగుకి మొదటి సాహిత్య అకాడెమీ బహుమతి దానికే. సన్నజాజీ, నీకు తప్పనిసరి.


సన్నజాజి (తిరుపతి) · ఆదివారం రాత్రి 9:15

రాసుకున్నాను మాస్టారూ. ‘చంఘిజ్ ఖాన్’ అయిపోయింది. ఇప్పుడే లైబ్రరీలో ‘గోన గన్నారెడ్డి’కి పేరు రాయించి వచ్చాను. గన్నారెడ్డి నిజంగా ఉన్నాడా, నవలలోనేనా?


చేనుగట్టు (నాగర్‌కర్నూల్) · ఆదివారం రాత్రి 10:40

ఉన్నడు చెల్లె. కండ్లార జూసొచ్చిన.

పోయినేడు నవల అయిపోయినంక నాకు ఉండబట్టలే. మహబూబ్‌నగర్‌ల బస్సెక్కి, మక్తల్ మీదికెళ్ళి కృష్ణ దాటి రాయచూరుకు పోయిన. అక్కడ లోపలి కోట గోడల ఒక రాయి ఉన్నది. రాయంటే మామూలు రాయి గాదు, 41 అడుగుల పొడుగు. దాని మీద తెలుగు శాసనం, 1294 నాటిది. గోన గన్నారెడ్డి కింద పనిజేసిన విఠలనాథుడు అనే ఆయన ఆదవాని, తుంబళం, మానువ పట్టుకొని, రాయచూరుకు వచ్చి ఈ కోట కట్టించిండని అండ్ల ఉన్నది. కన్నడ ఊరు నడిమిట్ల మన అక్షరం.

నన్ను ఎక్కువ ఆపింది శాసనం గాదు, దాని పక్కన చెక్కిన బొమ్మ. అంత రాయిని ఎట్ల తెచ్చిండ్రో అదే రాయి మీద చెక్కిపెట్టిండ్రు. పొడుగాటి బండి, దానికి వరుసగ కట్టిన దున్నపోతులు, అదిలించే మనుషులు, చక్రాల కింద కట్టెలు పెట్టి ఎత్తుతున్న కూలోళ్ళు. రాజు బొమ్మ చెక్కించుకోవచ్చు గదా, ఇది చెక్కించిండ్రు. మా నాయిన బండి తోలిండు. మట్టిల చక్రం దిగబడితే ఎడ్లను గొట్టొద్దు, కింద కట్టె పెట్టి భుజం ఆనియ్యాలె అని చెప్తుండె. ఆ రాయి ముందర నిలబడి నాకు మా నాయిన యాదికొచ్చిండు. చేతిల నవల ఉండె. నవలల గన్నారెడ్డి పడుచు పిలగాడు. ఈ శాసనం నాటికి ఓరుగల్లుల ప్రతాపరుద్రుడు ఏలుతున్నడు, రుద్రమ పోయి ఐదేండ్లు. అంటే గన్నారెడ్డి గప్పటికి పెద్దమనిషి. బాపిరాజు గారు రాసినంక మిగిలిన బతుకు ఆ రాయి మీద ఉన్నదనిపించింది.

ఇంకొక ముచ్చట చెల్లె. బూత్పూర్ అని మా దిక్కే ఉన్నది, పాత పేరు బూదపురం. అక్కడ 1276ల ఒక శాసనం ఏసిండ్రు. ఏయించింది కుప్పాంబిక, గోన బుద్ధారెడ్డి బిడ్డ. రంగనాథ రామాయణం రాసిన బుద్ధారెడ్డి. మల్యాల గుండనాథుడు ఆమె పెనిమిటి. అండ్ల పద్యం ఆమెదే అని, తెలుగుల మొదటి కవయిత్రి ఆమెనే అని కొందరు పరిశోధకులు చెప్తరు.


సన్నజాజి (తిరుపతి) · ఆదివారం రాత్రి 10:55

అన్నా! అంటే నాన్న రామాయణం రాశాడు, కూతురు శాసనంలో పద్యం రాసింది. నవలలో గన్నారెడ్డి కూడా బుద్ధారెడ్డి కొడుకే అయితే ఆమె అక్కో చెల్లెలో అవుతుంది. ఆమె కథ చదవాలని ఉంది. ఆ ఇంట్లో పొద్దున్నే తాటాకుల మీద గంటం గీసుకునే చప్పుడు వినపడుతూ ఉంటుంది కదా, పక్కన అన్న గుర్రానికి జీను కడుతూ ఉంటాడు.


తాటాకు (వేటపాలెం) · సోమవారం ఉదయం 6:05

ఇప్పుడు నువ్వు రాసిన ఆ ఆఖరి వాక్యం కాగితం మీద వేరే రాసి పెట్టుకో అమ్మా. తరవాతి వాక్యం రాసినప్పుడు నాకు పంపు. శాసనాల సంపుటాలు ఏవేం కావాలో నేను చూసి పెడతాను.


పాతపుస్తకం (విజయవాడ) · సోమవారం రాత్రి 9:30

ఇవాళ నవల పూర్తయింది. చెదలు కొట్టిన చివరి నాలుగు ఆకులు ఒక మిత్రుడి కాపీలోంచి జెరాక్స్ తీసి లోపల పెట్టాను. తరవాత నాన్న పెన్సిలు ప్రశ్న ఉన్న పేజీ తీశాను. ఆయన డెస్కులో ఉన్న పెన్సిలే చెక్కుకుని, ‘నంది వడ్డెమాన్, బిజినేపల్లి దగ్గర’ అని కింద రాశాను. నా అక్షరం ఆయన అక్షరం పక్కన పడటం ఇదే మొదటిసారి. బళ్ళో నా ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం ఒక్కటే పెట్టేవారు, ఇంకేమీ రాసేవారు కాదు.

చేనుగట్టు గారూ, వచ్చే నెల మా అబ్బాయితో కలిసి అటు రావాలనుకుంటున్నాను. వడ్డెమాన్, బూత్పూర్ చూసుకుని వీలైతే రాయచూరు దాకా. మీకు ఇబ్బంది లేకపోతే.


చేనుగట్టు (నాగర్‌కర్నూల్) · సోమవారం రాత్రి 9:45

ఇబ్బంది ఏంది అన్నా, ఇంటికి రాండ్రి. శనివారం తప్ప ఏ దినమైనా మంచిదే, శనివారం గుడికాడ నిలబడనీకె జాగ ఉండదు. జొన్నరొట్టె చేపిస్త, పచ్చిమిరపకాయ గూడ పెడత, మనం కాకతీయులం గాదు గదా. నాయిన పుస్తకం మాత్రం మర్చిపోకుండ తెండ్రి.